మన గేదె పేరు మీద గ్లాస్గోలో తగువు

కల్లంలో మిరపకాయ ఆరబోసి రాత్రి కాపలా పడుకున్న ఒక తమ్ముడు మొన్న నాకు మెసేజ్ పెట్టాడు. "అన్నా, యూరపోళ్లు మన కాయ మీద కార్బన్ పన్ను వేశారంట, నిజమేనా? రేటు ఇంకా పడిద్దా?" అని. కింద ఒక వీడియో. అందులో ఒకాయన గొంతు చించుకొని అరుస్తన్నాడు. వెనకాల యార్డులో టిక్కీల గుట్టలు, పైన యూరప్ జెండా.

ముందు దానికి జవాబు చెప్పేసి అసలు సంగతిలోకి పోదాం. మిరపకాయ మీద, పత్తి మీద అట్టాంటి పన్ను ఏమీ లేదు. యూరప్ పెట్టిన సరిహద్దు కార్బన్ పన్ను ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, కరెంటు, హైడ్రోజన్ మీద. 2023 అక్టోబర్‌లో లెక్కలు చూపించమని మొదలెట్టి, 2026 జనవరి నుంచి డబ్బు లెక్క పెట్టారు. మన కాయ యూరప్ పోతే ఆగేది పురుగుమందు అవశేషాల కాడ, బూజు విషం కాడ. అది వేరే కథ. పైగా మన తేజ కాయకి పెద్ద గిరాకీ చైనా నుంచి, యూరప్ నుంచి కాదు.

వీడియో అబద్ధమే గానీ, దాని వెనకాల ఒక నిజం తగువు ఉంది. మోదీ ప్రభుత్వానికీ, మనకి స్నేహితులమని చెప్పుకునే అమెరికా, యూరప్ దేశాలకీ వాతావరణం కాడ పదేళ్లుగా చిటపటలాడతానే ఉంది. ఆ తగువులో మన దేశం ఎవరి పేరు చెప్పుకొని వాదిస్తందో తెలుసా? మీ నాయన పేరు. మీ ఇంటి గేదె పేరు. అందుకే ఇది మనం తెలుసుకోవాల్సిన సంగతి.

తగువు మూలం అర్థం కావాలంటే సాగర్ కుడి కాలవ చాలు. కాలవ మొదట్లో ఉన్నోళ్లు ఏళ్ల తరబడి నీళ్లు పారగట్టుకున్నారు, మేడలు కట్టుకున్నారు. చివరి భూములు ప్రకాశంలో ఉండాయి, అక్కడికి నీళ్లు చేరేసరికి పైరు సగం ఎండిద్ది. ఇప్పుడు డ్యాంలో నీళ్లు తగ్గినయ్యి. మొదట్లో ఉన్నాయన లేచి, "ఇక నించి అందరం సమానంగా పొదుపు చేద్దాం" అంటే చివరాయనకి ఎట్టా ఉండిద్ది? పొదుపు చెయ్యొద్దని ఆయన అనడు. "నువ్వు తాగినంత తాగావు, ముందు నువ్వు తగ్గించు, నాకు బోరు వేసుకోటానికి సాయం చెయ్" అంటాడు.

గాలిలోకి వదిలిన పొగ కూడా అంతే. ఇప్పటిదాకా లోకం వదిలిన కార్బన్‌లో అమెరికా వాటా ఇంచుమించు నాలుగో వంతు. మన వాటా 3, 4 శాతం. లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు మనోళ్లే. తలకి లెక్కేస్తే మనం ఏడాదికి 2 టన్నులు, అమెరికావోడు 14 టన్నులు దాటి. అయితే ఇంకో లెక్క కూడా దాచకుండా చెప్పాలి. మొత్తంగా చూస్తే ఈ రోజు ఏటా ఎక్కువ పొగ వదిలే దేశాల్లో చైనా, అమెరికా తర్వాత మూడో స్థానం మనదే. వాళ్లు ఈ లెక్క చూపిస్తారు, మనం ఆ లెక్క చూపిస్తాం. రెండూ నిజమే. తగువంతా ఏ లెక్క ముందు పెట్టాలన్న కాడే.

ఇది మోదీతో మొదలైంది కాదు. 1992లో రియోలో దేశాలన్నీ ఒప్పుకున్న సూత్రం ఒకటుంది. బాధ్యత అందరిదీ, కానీ అందరికీ ఒకే కొలత కాదు అని. ఇందిరాగాంధీ, మన్మోహన్, మోదీ, పార్టీ ఏదైనా ఢిల్లీ మాట్లాడే మాట ఇంచుమించు ఒకటే. 2009లో కోపెన్‌హేగన్‌లో మన్మోహన్, చైనా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా నాయకులు గదిలో కూచొని మాట్లాడుకుంటంటే ఒబామా నేరుగా లోపలికొచ్చేశాడు. అప్పుడు మన పర్యావరణ మంత్రి జైరాం రమేష్. ఆయన మన ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకి పోయినాయనే. అక్కడే ధనిక దేశాలు 2020 నాటికి పేద దేశాలకి ఏటా 10 వేల కోట్ల డాలర్లు ఇస్తామని మాట ఇచ్చినయ్యి. గడువు దాటింది. 2022లో అందుకున్నామని వాళ్ల లెక్క, అందులో ఎక్కువ భాగం అప్పులు. మనకి సహకార సొసైటీల అనుభవం ఉంది కాబట్టి, సాయం అని చెప్పి అప్పు ఇయ్యటం ఏందో వేరే చెప్పక్కర్లేదు.

2017 జూన్ 1న ట్రంప్ పారిస్ ఒప్పందం నుంచి బయటికి పోతన్నామని చెప్తా, ఇండియా కోట్లకి కోట్ల డాలర్ల విదేశీ సాయం కోసమే ఒప్పుకుందని ఎత్తిపొడిచాడు. నాలుగు రోజులకి సుష్మా స్వరాజ్ గట్టిగానే జవాబిచ్చారు, ఒత్తిడికో ఆశకో మేం సంతకం పెట్టలేదు అని. అదే నెల చివర మోదీ వాషింగ్టన్ పోయి ట్రంప్‌ని కౌగిలించుకున్నారు. దేశాల స్నేహం అట్టానే ఉండిద్ది. పొలం గట్టు కాడ కొట్లాడుకున్నోళ్లు పెళ్లి పందిట్లో పక్కపక్కన కూచున్నట్టు.

ఇక గ్లాస్గో. 2021 నవంబర్ 1న మోదీ అక్కడ నిలబడి పెద్ద మాటలే ఇచ్చారు. 2030కి 500 గిగావాట్ల బొగ్గేతర కరెంటు, 2070కి నెట్ జీరో, అంటే వదిలే పొగ, పీల్చుకునే పొగ సమానం చెయ్యటం. బదులుగా ధనిక దేశాలు లక్ష కోట్ల డాలర్లు తియ్యాలని అడిగారు. అమెరికా, యూరప్ 2050 అన్నయ్యి, చైనా 2060 అంది, మనం 2070 అన్నాం. కొందరు మొహం ముడిచారు, కొందరు మెచ్చుకున్నారు. అసలు పేచీ పన్నెండు రోజుల తర్వాత వచ్చింది.

నవంబర్ 13 రాత్రి. సదస్సు గడువు దాటిపోయింది, అందరూ నిద్రల్లేక ఉన్నారు. కాయితం మీద బొగ్గు కరెంటుని "ఫేజ్ అవుట్" చేద్దామని ఉంది, అంటే క్రమంగా పూర్తిగా ఆపేద్దామని. మన మంత్రి భూపేందర్ యాదవ్ లేచి దాన్ని "ఫేజ్ డౌన్" అని మార్చమన్నారు. ఆపటం కాదు, తగ్గించటం. ఒక్క మాట మారింది. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ, బ్రిటన్ మంత్రి, క్షమించమని చెప్తా చెప్తా గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు. (ఆయన పుట్టింది ఆగ్రాలో. ఆ సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు గానీ నాకు మాత్రం చిత్రంగా అనిపిచ్చింది.) లోకం పేపర్లన్నీ ఇండియా చెడగొట్టిందని రాసినయ్యి. నిజానికి మూడు రోజుల ముందు అమెరికా, చైనా కలిసి ఇచ్చిన ప్రకటనలోనే ఆ "ఫేజ్ డౌన్" మాట ఉంది. దాన్ని సభలో పైకి చదివిన పాపం మనకి అంటుకుంది.

అట్టాగని మనకి అసలు తప్పు లేదని కూడా అనలేను. ఆ రాత్రి బాధపడింది ధనిక దేశాలొక్కటే కాదు. సముద్రంలో మునిగిపోతామని భయపడే మార్షల్ దీవుల లాంటి చిన్న దేశాలు కూడా. అవి మనకంటే తక్కువ పొగ వదిలినయ్యి. వాళ్ల లెక్కలో మనం కాలవ మొదట్లో ఉన్నోళ్లమే.

బొగ్గు కాడ మనం ఎందుకు అంత పట్టు పట్టాం? మన కరెంటులో నాలుగింట మూడు వంతులకి దగ్గర బొగ్గుదే. ఇబ్రహీంపట్నం కాడ వీటీపీఎస్ గొట్టాలు కనపడతయ్ గదా, ఆ బొగ్గు సింగరేణి నుంచి, ఒడిశా తాల్చేరు నుంచి వచ్చిద్ది. 2025 జూన్ చివరికి మన దేశంలో కరెంటు తయారీ సామర్థ్యంలో సగం బొగ్గేతరం అయిందని ప్రభుత్వం చెప్పింది. నిజమే. కానీ సామర్థ్యం వేరు, పుట్టే కరెంటు వేరు. సోలార్ ప్లేటు పగలే పనిచేసిద్ది. రాత్రి ఫ్యాన్ తిరిగేది ఎక్కువగా బొగ్గు మీదే.

సరే, గేదె కాడికి వద్దాం. గ్లాస్గోలోనే నవంబర్ 2న అమెరికా, యూరప్ కలిసి మీథేన్ ప్రతిజ్ఞ అని ఒకటి పెట్టినయ్యి. మీథేన్ అంటే కార్బన్ కంటే చాలా గట్టిగా వేడి పట్టి ఉంచే వాయువు. 2030 నాటికి దాన్ని 2020 మీద 30 శాతం తగ్గిద్దామని. నూరుకి పైగా దేశాలు సంతకం పెట్టినయ్యి. మనం పెట్టలేదు. చైనా, రష్యా కూడా పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పింది. మన దేశంలో మీథేన్ ఎక్కువగా వచ్చేది రెండు చోట్ల నుంచి. ఒకటి పశువు నెమరేసేటప్పుడు వచ్చే తేన్పు. రెండోది నీళ్లు నిలబెట్టిన వరి మడి. అవి రెండూ చిన్న, సన్నకారు రైతుల బతుకు. వాళ్లది బతకటానికి వదిలే పొగ, అమెరికావోడు కారుల్లో, ఏసీల్లో వదిలేది విలాసం పొగ, రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. ఇదీ మన వాదన. 2019 పశుగణనలో మన దేశంలో ఆవులూ గేదెలూ కలిపి 30 కోట్లు. ఒంగోలు ఎద్దుని బ్రెజిలోళ్లు తీసుకపోయి మందలకి మందలు పెంచారు, మనకి మాత్రం ఇంటికి రెండు గేదెలు ఉంటే గొప్ప. ఆ రెండు గేదెల పాల డబ్బులే పత్తి పోయిన ఏడాది ఇల్లు గడిపినయ్యి. వాటిని తగ్గించమని బ్రస్సెల్స్‌లో కూచొని చెప్తే ఒప్పుకోకపోవటం న్యాయమే. ఇక్కడ నేను ఢిల్లీ పక్షమే.

2023లో దుబాయ్‌లో వ్యవసాయం మీద ఒక ప్రకటన వచ్చింది. వంద దేశాల పైన సంతకం పెట్టినయ్యి. మనం మళ్లీ పెట్టలేదు. 2024 నవంబర్‌లో బాకులో ధనిక దేశాలు 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నయ్యి. పేద దేశాలు అడిగింది 1 లక్ష 30 వేల కోట్లు. మన ప్రతినిధి చాందనీ రైనా మాట్లాడక ముందే సుత్తి కొట్టి ఒప్పుకున్నట్టు ప్రకటించేశారు. ఆమె ఆ తర్వాత లేచి, ఇదంతా కంటికి కనపడే భ్రమ, మేం ఒప్పుకోం అని చెప్పారు. హాల్లో చప్పట్లు మోగినయ్యి.

ఈ తగువులన్నీ దూరంగా ఎక్కడో జరిగేవి అనుకోవద్దు. ఒకసారి మన రాష్ట్రం నుంచే మొదలైంది. 2019లో జగన్ ప్రభుత్వం వచ్చీ రాగానే పాత గాలిమర, సోలార్ కరెంటు ఒప్పందాలు తిరగదోడాలని కమిటీ వేసింది. యూనిట్ 4 రూపాయల 84 పైసలకి గాలి కరెంటు కొనటమేంది, మార్కెట్లో సోలార్ అంతకి సగానికే వస్తంటే, అని. వినటానికి సబబుగానే ఉంది. కానీ ఆ కంపెనీల్లో పెట్టుబడి జపాన్ లాంటి దేశాలది. జపాన్ రాయబారి నేరుగా మన ముఖ్యమంత్రికే ఉత్తరం రాశాడు, ఇట్టా చేస్తే పెట్టుబడిదారుల నమ్మకం పోయిద్దని. జపాన్ అంటే మోదీకి ఎంత దగ్గరో తెలిసిందే. కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె. సింగ్ కూడా, అవినీతి రుజువైతే తప్ప ఒప్పందాలు ముట్టుకోవద్దని ఉత్తరాలు రాశారు. హైకోర్టు ముందు మధ్యంతరంగా 2 రూపాయల 44 పైసల దాకా కట్టమంది. 2022 మార్చిలో పెద్ద బెంచి, ఒప్పందంలో ఉన్న రేటే కట్టాలని తేల్చింది. ఆ డబ్బు కట్టేది డిస్కం, డిస్కం వసూలు చేసేది మన ఇంటి మీటరు మీద. రేటు ఎక్కువైందన్న మాటా నిజమే, మాట తప్పితే రేపు ఎవడూ పెట్టుబడి పెట్టడన్న మాటా నిజమే. మధ్యలో బిల్లు మాత్రం మనది.

సోలార్ కాడ అమెరికాతో కూడా కోర్టుకెక్కాం. మన సోలార్ మిషన్లో మన దేశంలో తయారైన ప్లేట్లే వాడాలని షరతు పెడితే, 2013లో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసింది. 2016లో మనం ఓడిపోయాం. పర్యావరణం కాపాడమని చెప్పేదీ వాళ్లే, కాపాడటానికి సొంత సరుకు వాడుకోవద్దనేదీ వాళ్లే.

దేశాల తగువు పత్తి చేలోకి ఎట్టా దిగిద్దో 2025లో కళ్లారా చూశాం. అది వాతావరణం తగువు కాదు, రష్యా చమురు తగువు. అయినా దారి ఒకటే కాబట్టి చెప్తన్నా. రష్యా చమురు కొంటన్నామని ట్రంప్ ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాడు. బట్టల మిల్లులు గగ్గోలు పెట్టినయ్యి. వాళ్లని ఆదుకోటానికి కేంద్రం విదేశీ పత్తి మీదున్న 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది, ముందు సెప్టెంబర్ 30 దాకా, తర్వాత డిసెంబర్ 31 దాకా. సరిగ్గా మన పత్తి తీతల టైము. పొడుగు పింజ పత్తికి మద్దతు ధర అప్పుడు 8,110 రూపాయలని కాయితం మీద ఉండింది. సీసీఐ కాడికి తోలుకపోతే తేమ 12 శాతం దాటితే కొనరు. అక్టోబర్లో వాన పడితే తేమ ఎక్కడ ఆగిద్ది? వాషింగ్టన్లో కోపం వచ్చిద్ది, ఢిల్లీలో జీవో వచ్చిద్ది, చివరికి పర్చూరు కాడ ట్రాక్టరు వెనక్కి తిరిగిద్ది.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు మాట. ఢిల్లీ బయట చేసే వాదన బలం దేనిలో ఉంది? సగటులో. తలకి 2 టన్నులు అన్న లెక్కలో. ముంబైలో ఇరవై ఏసీల మేడలో ఉండే ఆయనా, దర్శి కాడ మూడెకరాలు కౌలుకి తీసుకొని మిరప వేసిన ఆయనా ఆ సగటులో కలిసిపోతారు. కౌలాయన పొగ తక్కువ కాబట్టే సగటు తక్కువ. అంటే ఆయన పేదరికమే ఢిల్లీ చేతిలో ముక్క. ఆ ముక్క వేసి ఆట ఆడుతున్నప్పుడు, గెలిచిన దాంట్లో ఆయనకి వాటా ఏంది?

చూద్దాం. వాతావరణం దెబ్బకి తట్టుకునేట్టు రాష్ట్రాలకి డబ్బియ్యటానికి 2015లో కేంద్రం జాతీయ అనుసరణ నిధి అని ఒకటి పెట్టింది. పేరు గొప్పగా ఉంది. 2022లో దాన్ని స్కీముల లిస్టులోంచి తీసేశారు. బాకులో డబ్బు చాలదని అరిచిన ప్రభుత్వమే ఇంట్లో ఆ చిన్న హుండీ కూడా పక్కన పెట్టింది. ఇది విదేశాలోళ్లకి తెలియక కాదు, మర్యాదకి అడగరు. మనం అడగాలి.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల కాడే తీరం దాటింది. మిరప తోటల్లో నీళ్లు నిలబడి మొక్క నిలువునా వడలిపోయింది, కోసిన వరి పనలు నీళ్లలో తేలినయ్యి, పత్తి కాయ చెట్టు మీదే నల్లబడింది. అంతకి రెండేళ్ల ముందు నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం రాల్చేసింది. పురుగుని మొత్తంగా వాతావరణం ఖాతాలో రాయలేం, అది బయటి నుంచి వచ్చిన జాతి. కానీ వరసగా రెండు దెబ్బలు తిన్నోడికి ఏ ఖాతా అయితే ఏంది.

అట్టాంటప్పుడు ఆదుకోవాల్సింది పంటల బీమా. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో వరి లాంటి ఖరీఫ్ పంటకి రైతు వాటా 2 శాతం. పత్తి, మిరప లాంటి వాటికి 5 శాతం దాకా. అంటే దెబ్బ ఎక్కువ తగిలే పంటకి రైతు కట్టేది ఎక్కువ. పైగా పరిహారం పేరు ఎవరిది? 2019 సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకి కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోయిద్దేమోనని చాలామంది పెట్టరు. కార్డు లేకపోతే ఈ-పంటలో పేరు ఎక్కటం కష్టం. ఈ-పంటలో పేరు లేకపోతే బీమా లేదు, నష్టపరిహారం లేదు, కొన్ని చోట్ల కొనుగోలు కూడా లేదు. ఎకరాకి కౌలు మాత్రం ముందే కట్టాలి.

గ్లాస్గోలో మన దేశం చిన్న రైతు అని చెప్పింది ఎవరిని? ఈయన్నే. పల్నాట్లో, పడమటి ప్రకాశంలో మిరప, పత్తి వేసేదాంట్లో కౌలోళ్లు ఎంతమందో మీ ఊళ్లోనే లెక్కేసుకోండి. ప్రపంచ సభలో ఈయన పేరు ఉంది. రైతు సేవా కేంద్రం రిజిస్టర్లో లేదు.

విదేశాల ముందు ఢిల్లీ తగ్గాలని నేను అనటం లేదు. బొగ్గు కాడ కొంచెం తొందర పడితే మనకే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే ఎండ దెబ్బ ముందు తగిలేది చేలో ఉన్నోడికే. కానీ మీథేన్ కాడ, డబ్బు కాడ ఢిల్లీ అడుగుతున్న న్యాయం సరైందే. ముందు ఎక్కువ వాడుకున్నోడు ఎక్కువ కట్టాలి, దెబ్బ తిన్నోడికి అప్పు కాకుండా సాయం ఇయ్యాలి. అదే మాట ఢిల్లీని, అమరావతిని మనం అడిగితే తప్పేముంది?

ఆ తమ్ముడికి నేను పన్ను లేదని రాశాను. తర్వాత, నీ చేను ఈ-పంటలో ఎవరి పేరు మీద ఎక్కిందని అడిగాను. కాసేపటికి జవాబొచ్చింది: "ఓనరు పేరు మీద అన్నా. ఆయన హైదరాబాదులో ఉంటాడు."